పియానో శిల్పి క్రిస్టోఫోరి

పియానోను తొలుత నిర్మించిన బార్తొలొమేయో క్రిస్టోఫోరి 1655లో ఇటలీయందలి పాదువా నగరమున జన్మించెను. 1688లో టస్కనీ యువరాజు ఫెర్డినాండో మెదీచి ఆతనిని ఫ్లారెన్సులోని తన కొలువున చేర్చుకొనెను. క్రొత్త వాద్యములను నిర్మించుటయే కాక, శిథిలములైన పాతవానిని బాగుచేయుటయు ఆతని విధి.

ఆనాటి హార్ప్సికార్డులో మెట్టు నెంత బలముగా నొక్కినను ధ్వని యించుమించు ఒక్కతీరుగనే యుండెడిది. క్రిస్టోఫోరి తీగెలను మీటుటకు మారుగా చిన్న సుత్తులతో కొట్టించెను. కొట్టిన సుత్తి వెంటనే వెనుకకు మరలు నుపాయమును కల్పించెను. అంతట వ్రేలి బలమును బట్టి నాదము మెత్తగనో గట్టిగనో పలికెను. 1700 నాటి మెదీచీల వస్తుపట్టికలో ఈ వాద్యము పేర్కొనబడినది. 1731లో ఆతడు మరణించెను.

ఆతని పియానోలలో మూడే మిగిలినవి. రోములోని 1722 నాటిది పురుగు తొలిచి మూగవోయినది. 1726 నాటిది లైప్జిగులో నున్నది. న్యూయార్కులోని 1720 నాటి దానికి 1938లో తీగెల క్రింది నాదఫలకమును మార్చిరి; అది నేటికిని పలుకును. కాని యా ధ్వనిలో క్రిస్టోఫోరిది ఎంత, క్రొత్త పలకది ఎంత అని తేల్చుట కష్టము. భాగమును మార్చిన నిర్మాత చేతిపని కొంత పోవును. మార్చకున్న నాదమే పోవును. పాత వాద్యములను బాగుచేయువారి కెల్లరకు నెదురగు నీ చిక్కు, ఆ పనిలోనే బ్రతుకు గడపిన శిల్పి వాద్యమునకును తప్పలేదు.