నెలకు పదకొండున్నర పౌండ్లు

1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన అక్కడ పెద్ద చర్చ అయింది. ఆ రోజుల్లోనే, ఆ పక్కనే స్టువర్టుపురంలో, ఎరుకల కుటుంబాలకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్రవేసి సెటిల్మెంటులో పెట్టారు. అదే ఏడాది జులైలో 22 ఏళ్ల మహర్ యువకుడొకరు న్యూయార్క్‌లో ఓడ దిగారు. బాబాసాహెబ్ అని మనం పిలుచుకునే భీమ్‌రావ్ అంబేడ్కర్ ఆయనే.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి యూనివర్సిటీలకు వెళ్లి, సొంత పేట మీదే పరిశోధన చేయాలనుకునే పిల్లలు ఈ మధ్య మాకు తరచూ తారసపడుతున్నారు. వాళ్లకు కావలసింది పెద్ద మొత్తాలేమీ కాదు. బస్సు ఛార్జీలు, ఒక రికార్డరు, మూడు నెలలు గది అద్దె. కూలి మానుకుని తమతో మాట్లాడే మనిషికి ఆ పూట కూలి (దీన్ని ఏ దరఖాస్తు ఫారమూ ఖర్చుగా లెక్కవేయదు). అందుకే బాబాసాహెబ్ జీవితంలో రాజ్యాంగానికి చాలా ముందున్న ఆ విద్యార్థి రోజులను మేము మళ్లీ తిరగేశాం.

సుబేదార్ రామ్‌జీ కొడుకు 1907లో మెట్రిక్ పాసయ్యారు. కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడి చొరవతో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ కాలేజీ చదువుకు నెలకు 25 రూపాయలు ఇచ్చారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. ఆ జూన్‌లో బరోడా సంస్థానంతో ఒప్పందం కుదిరింది: నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు విదేశీ చదువు, తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానం కొలువు. ఆ డబ్బులోనే తిండి, ఫీజు, బొంబాయిలో ఇబ్బందులు పడుతున్న రమాబాయికి పంపాల్సింది, పాత పుస్తకాల దుకాణాల్లో కొనాల్సింది. కోత పడింది ఎక్కువగా తిండికే.

కొలంబియాలో ఆయన ప్రధాన విషయం అర్థశాస్త్రం. అయినా గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో చేరి, 1916 మే 9న భారతదేశంలో కులాల మీద పత్రం సమర్పించారు. అప్పటి మానవశాస్త్రం మన దగ్గర ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిపించి, 1909లో ఏడు సంపుటాలు వేయించారు. ఆ పనికి సర్కారు డబ్బు బాగానే దొరికింది. కొలతలకు గురైనవాళ్ల వైపు నుంచి వచ్చిన ఈ పాతికేళ్ల విద్యార్థి వేరే దారి పట్టారు. కులానికి మూలం రక్తంలో లేదు, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే కట్టుబాటులో ఉందన్నారు. ఆ కంచె నిలవాలంటే భర్త పోయిన స్త్రీని, భార్య పోయిన పురుషుణ్ణి ఏదో ఒకటి చేయాలి. సతి, వితంతువుకు పెళ్లి నిషేధం, బాల్యవివాహం ఆ అవసరంలోంచే వచ్చాయని చూపించారు. కులాంతర పెళ్లి చేసుకున్నందుకు పిల్లల్ని చంపుకుంటున్న మన జిల్లాల్లో ఈ వాదన పాతబడలేదు.

1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసి, లండన్ చదువు సగంలో ఆగింది. సామాను వేసుకొస్తున్న ఓడను జర్మన్లు ముంచేశారు. ఒప్పందం ప్రకారం కొలువు కోసం బరోడా వెళితే ఏ ఇంట్లోనూ గది దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి బయటికి వెళ్లగొట్టారు. డబ్బిచ్చి చదివించిన సంస్థానం తలదాచుకోను చోటు చూపలేకపోయింది. ఫీల్డ్‌వర్క్‌కని వెళ్లి గది అడిగితే ముందు ఏమిట్లో ఆరా తీస్తున్నారని చెప్పిన మా మిత్రులకు ఈ ఘట్టం వివరించనక్కర్లేదు.

తర్వాత సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టింది, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, మిత్రుడు భతేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డీఎస్సీ అందుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఎస్సీ విద్యార్థులను విదేశాలకు పంపే కేంద్రం వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలను అంశాలుగా తీసుకునేవారికి అందులో చోటు లేకుండా చేశారు. తెనాలికి పక్కనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊరి మీద విదేశంలో పీహెచ్‌డీ చేయాలనుకునే మన అమ్మాయి ఈ నిబంధన దగ్గరే ఆగిపోతుంది. 1916 నాటి ఆ పత్రం రాసిన విద్యార్థీ ఆగిపోయేవారే.

ఆ పత్రం 1917 మేలో ఇండియన్ యాంటిక్వరీలో అచ్చయింది. కులనిర్మూలనలో దాన్ని కలిపి తిరగరాయాలనుకున్నానని, కానీ తీరిక దొరకలేదని 1944లో మూడో కూర్పు ముందుమాటలో ఆయన రాసుకున్నారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూసే దాకా ఆ తీరిక దొరకనేలేదు. రెండూ ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి.