రాజా దీనదయాళు

ఛాయాచిత్రము నేడు బాలురకు సైతము సుపరిచితమైన వస్తువు. హైదరాబాదు వంటి మహానగరములందే కాక, నెల్లూరు సీమయందలి కొడవలూరు వంటి యూళ్లలోను పెండ్లిచిత్రము గోడకు వ్రేలాడని యిల్లు అరుదు. కాని నూటయేబది సంవత్సరముల క్రిందట ఛాయాచిత్రము తీయుట గొప్ప శ్రమతో కూడిన పని. ఎట్టి పలకను వాడవలెను, ఎట్టి కటకమును కెమెరాకు అమర్చవలెను అను విషయములు తెలియనివాని ధనమును, కాలమును వ్యర్థమయ్యెడివి. అట్టి దినములలో ఈ విద్యను కేవలము వేడుకకై ఆరంభించి, అందు దేశమునకే అగ్రగణ్యుడైన మహనీయుడు రాజా దీనదయాళు.

దీనదయాళు 1844వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానములో మీరట్ పట్టణమునకు సమీపముననున్న సర్ధనా గ్రామమున ఒక జైన కుటుంబములో జన్మించెను. రూర్కీ నగరమందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానమున మరామతు శాఖలో ఉద్యోగియయ్యెను. కట్టడములకు అగు వ్యయమును అంచనా వేయుట, వాని పటములను గీయుట ఆయన పని. గీత వంకరపోయినచో గోడయు వంకరపోవునని ఎరిగిన వృత్తి యది. ఆ వృత్తి నేర్పిన నిశితదృష్టియే తరువాతి కాలమున ఆయనకు మూలధనమయ్యెను.

1874లో దీనదయాళు తీరిక వేళలయందు ఛాయాచిత్రణమును అభ్యసింప మొదలిడెను. ఆ కాలమున వాడుకలోనున్నది తడిపలక పద్ధతి. శుభ్రమైన గాజుపలకపై కొలోడియను అను జిగట ద్రవమును సమముగా పరపి, దానిని చీకటిలో వెండి లవణపు ద్రావణమున ముంచి, తడియారక మునుపే కెమెరాలోనుంచి చిత్రమును తీయవలెను. తీసిన వెంటనే మరల చీకటిలోనికి పోయి పలకను కడుగవలెను. ఇంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను. మన దేశపు ఎండలో ఆ ద్రవము మరింత వేగముగా ఆరిపోవును. కావున ఊరు విడిచి పోవు ఛాయాగ్రాహకుడు కెమెరాతో పాటు చీకటి గుడారమును, మందుసీసాలను, నీటిని, గాజుపలకల పెట్టెలను బండ్లమీద కొనిపోవలసి యుండెడిది. పలక ఎంత పెద్దదో కాగితముపై అచ్చగు చిత్రము సాధారణముగా అంతే. పెద్ద చిత్రము కావలెనన్న 10, 12 అంగుళముల పొడవు గల బరువైన పలకలను మోయక తప్పదు. ఒక్కటి పగిలినచో ఆనాటి శ్రమయంతయు మట్టిపాలగును.

కటకముల విషయమున మరియొక చిక్కు కలదు. 1840లో పెట్జ్వాల్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన కటకము వెలుతురును ఎక్కువగా గ్రహించును. కావున మనిషిని ఎక్కువసేపు కదలక కూర్చుండబెట్టవలసిన బాధ తగ్గును. కాని చిత్రమునకు నడుమ కనుపించు స్పష్టత అంచులలో కానరాదు. మనుష్యుల ముఖములకు అది చాలును గాని, ఆలయ గోపురములకు చాలదు. కొన్ని సాధారణ కటకములతో తీసిన చిత్రములలో అంచులనున్న స్తంభములు విల్లువలె వంగి కనుపించెడివి. ఈ దోషమును తొలగించిన కటకములు 1866లో ఇంగ్లండు, జర్మనీ దేశములలో వెలువడెను. వానికి వెలుతురు ఎక్కువసేపు కావలెను. ఐనను కట్టడములు కదలవు గదా! ఏ పనికి ఏది తగునో తెలిసికొనుటయే ఛాయాగ్రాహకుని వివేకము.

దీనదయాళు నేర్పు త్వరలోనే పెద్దల దృష్టికి వచ్చెను. ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు, ఆంగ్లేయ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ మధ్య హిందూస్థానమున పర్యటించినపుడు, దీనదయాళు ఆయన వెంట వెళ్లి గ్వాలియరు మొదలగు చోట్ల కోటలను, దేవాలయములను, స్తూపములను చిత్రించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడి ఆయన కీర్తిని విదేశములకు చేర్చెను.

ఇంతలో ఈ విద్యలో గొప్ప మార్పు కలిగెను. ముందుగానే మందు పూసి ఆరబెట్టిన పొడిపలకలు 1880 ప్రాంతమున అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. చీకటి గుడారమును మోయు బాధ తీరెను. తీసిన పలకలను ఇంటికి తెచ్చి తీరికగా కడుగవచ్చును. రెప్పపాటున జరుగు సైనికుల విన్యాసములను, గుఱ్ఱపు స్వారులను సైతము చిత్రింప వీలయ్యెను.

ఇప్పుడు దీనదయాళు ఎదుట ఒక కఠినమైన ప్రశ్న నిలిచెను. సర్కారు ఉద్యోగము స్థిరమైనది. నెలనెల జీతము వచ్చును. ఛాయాచిత్రణమా, ప్రభువుల దయపై, ప్రజల అభిరుచిపై ఆధారపడిన వ్యాపారము. రెండు పడవలపై కాళ్లుంచి ఏరు దాటుట సాధ్యము కాదు. ఆయన మొదట సెలవు తీసికొని తన చిత్రములను సిద్ధపరచుకొనెను; తుదకు ఉద్యోగమునే విడిచెను. వేడుకగా పట్టిన విద్యకు తన జీవితమునే అర్పించెను.

పిమ్మట ఆయన సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను తన ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదుతో గౌరవించెను. దర్బారులు, వేటలు, భవనములు మాత్రమే కాక, కరవు దినములలో నిజాము రాజ్యమున సాగిన సహాయక కార్యములు కూడ ఆయన పలకలపై నిలిచినవి. ఘోషాయందుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండుటకు ఇష్టపడరని గ్రహించి, 1892లో హైదరాబాదున వారికై ప్రత్యేక చిత్రశాలను తెరిచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనితకు అప్పగించెను. 1896లో బొంబాయియందు మరియొక చిత్రశాల వెలసెను. మరుసటి యేట విక్టోరియా రాణి రాజముద్రతో కూడిన అధికారపత్రము ఆయనకు లభించెను.

1905 జూలై 5వ తేదీన దీనదయాళు కన్నుమూసెను. ఆయన జీవించియుండగనే గాజుపలకకు బదులు చుట్టగా చుట్టదగిన ఫిలిము అమెరికాలో పుట్టినది. దానినుండి చలనచిత్రము పుట్టినది. 1923లో 16 మిల్లీమీటర్ల సన్నని ఫిలిము వెలువడి, సామాన్య గృహస్థుడు కూడ వేడుకకై చలనచిత్రములు తీయుటకు అవకాశము కలిగెను. సాధనములు చిన్నవైనను, ఏ ఫిలిము, ఏ కటకము అను పాత ప్రశ్నలు మాత్రము తప్పలేదు.

1989లో దీనదయాళు గాజుపలకలు 2,857 ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరెను. 2006లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్లను వెలువరించెను. పనిముట్టు గుణమును, పని స్వభావమును రెంటిని ఎరిగినవాడే నిజమైన పనివాడని ఆయన జీవితము చాటుచున్నది. ఆయన చూచిన లోకము గతించినది. కాని పగులక మిగిలిన ఆ పలకలలో నాటి కోటలు, నాటి మనుష్యుల ముఖములు నేటికిని స్పష్టముగా నిలిచియున్నవి.