గ్రహణి వ్యాధికి మందు అన్వేషించిన మహనీయుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు సుబ్బారావు జన్మించారు. తండ్రి అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టగా కుటుంబం పేదరికంలో పడింది. పదమూడవ ఏట ఆ బాలుడు, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న ఆశతో కాశీకి పయనమయ్యాడు. పెద్దలు దారిలోనే పట్టుకొని ఇంటికి చేర్చారు. చదువు మీద మనసు నిలవక మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పాడు. అయినా తల్లి పట్టు విడువలేదు. చివరకు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి ఉత్తీర్ణుడయ్యాడు.

ప్రెసిడెన్సీ కళాశాల చదువు ముగిసిన తరువాత సుబ్బారావు రామకృష్ణ మఠంలో సన్యాసం స్వీకరించాలని తలచారు. తల్లి అందుకు అంగీకరించకపోవడంతో, రోగులకు సేవ చేయడమూ తపస్సేనని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. 1919లో శేషగిరితో వివాహమైంది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ జీవనం సాగించారు.

సోదరుల మరణం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల వ్యవధిలోనే ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. అన్నను బలిగొన్నది ఉష్ణదేశాలలో కనిపించే స్ప్రూ అనే పేగు వ్యాధి. మన పెద్దలు గ్రహణి అని పిలిచే వ్యాధికి ఇది దగ్గరిది. సుబ్బారావుకూ ఆ వ్యాధి సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు.

ఈ వ్యాధిలో చిన్నప్రేగు లోపలి పొర వాచి, ఆహారసారాన్ని పీల్చుకొనే వేళ్ళవంటి సన్నని మొలకలు చదునైపోతాయి. విడువని విరేచనాలు, నాలుకపూత, రక్తహీనత కలిగి రోగి నానాటికి కృశిస్తాడు. పేగులో తిష్ఠ వేసిన సూక్ష్మజీవులు ఇందుకు ముఖ్య కారణమని నేటి వైద్యుల అభిప్రాయం. పేగు పొర ఎప్పటికప్పుడు కొత్త కణాలతో పునర్నిర్మితం కావాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ అవసరం. పొర చెడితే విటమిన్ ఒంటబట్టదు, విటమిన్ లేకపోతే పొర బాగుపడదు. ఈ విషవలయాన్ని తెంచే మందు సుబ్బారావు యువకుడుగా ఉన్న నాడు లోకంలో లేదు.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతో, మామగారి అండతో 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల అధ్యయనం, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రం చేసే పని. ఆచార్య ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ తరువాత కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనకు సారథ్యం వహించారు.

అక్కడ ఆయన బృందం కాలేయంలోని రక్తవర్ధక పదార్థాన్ని వెదకుతూ, కోడిపిల్లల పెరుగుదలకు, కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలకు తోడ్పడే అంశాన్ని వేరుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో దానిని కృత్రిమంగా తయారు చేశారు. 1946 నాటికి స్ప్రూ రోగులకు దానిని ఇచ్చిన వైద్యులు, వారిలో రక్తం వృద్ధిచెంది ఆకలి పుట్టడం గమనించారు. అదే ప్రయోగశాలలో డాక్టర్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో వైద్యలోకానికి అందింది. ఆ కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్‌ను ఫోలిక్ ఆమ్లంతో కలిపి కొన్ని నెలలపాటు ఇవ్వడం నేటికీ స్ప్రూకు ప్రధాన చికిత్స. అన్నను కాపాడలేకపోయిన తమ్ముడు నడిపిన ప్రయోగశాల నుండే ఈ రెండు మార్గాలూ వెలువడ్డాయి!

ఆరియోమైసిన్ మూగజీవులకూ మేలు చేసింది. బాక్టీరియా వల్ల పేగు వాచి పారుడుతో నీరసించే దూడలకు, పందిపిల్లలకు పశువైద్యులు దానిని వాడారు. అయితే బలుపు కోసం మేతలో నిత్యం కలిపితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయని అనుభవం నేర్పింది. సుబ్బారావు బృందమే రూపొందించిన మెథోట్రెక్సేట్ నేడు కాన్సర్ రోగులకే గాక, క్రోన్స్ అనే మొండి పేగువాపు వ్యాధి గల కొందరికి కూడా ఉపయోగపడుతున్నది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడ ఆ బృందం కృషి ఫలమే.

ఈ విజయాలకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆయన విదేశం వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు. భర్త రాక కోసం ఎదురుచూసిన శేషగిరికి ఆయన దర్శనం మళ్ళీ లభించలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడవ ఏట, న్యూయార్క్‌లో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆయన పేరు మన దేశంలో చాలాకాలం మరుగున పడి ఉంది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర ప్రతి ఊరి ఆరోగ్య కేంద్రంలోనూ దొరుకుతుంది. దానిని మ్రింగే తల్లికి, మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన ఆ భీమవరం బాలుని పేరు తెలియకపోవచ్చు. పరీక్షలో తప్పిన బిడ్డను చేతకానివాడని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తీర్మానించబోయే ముందు ఒక్కసారి ఆ బాలుని తలచుకోవాలి. వెంకమ్మ పట్టు సడలించి ఉంటే, ఆ మూడవ ప్రయత్నమే జరిగి ఉండేది కాదు.