సింధు చర్చలకు బీజం వేసిన లాయరు

గ్రూప్స్‌కో సివిల్స్‌కో ప్రిపేరవుతున్నారా? సింధు జలాల ఒప్పందం ఎప్పుడు కుదిరిందంటే 1960 సెప్టెంబరు 19 అని ఠక్కున చెప్పేస్తారు. సంతకాలు చేసింది నెహ్రూ, అయూబ్‌ ఖాన్‌ అనీ మీకు తెలుసు. మరి ఆ చర్చలకు బీజం వేసిందెవరు? డేవిడ్‌ లిలియంథాల్‌. ఇంజినీరు కాదు, దౌత్యవేత్తా కాదు. లా చదివిన అమెరికన్‌.

1899లో ఇల్లినాయ్‌ రాష్ట్రంలోని మోర్టన్‌లో పుట్టారు. 1923లో హార్వర్డ్‌లో లా పూర్తిచేసి, షికాగోలో ప్రాక్టీసు పెట్టారు. 33 ఏళ్లకే, 1933లో, టెనెస్సీ వ్యాలీ అథారిటీ (టీవీఏ) డైరెక్టర్లలో ఒకరయ్యారు. ఆనకట్టల గురించి లాయరుకేం తెలుసంటారా? పనిలో దిగి నేర్చుకున్నారు. ఏడు రాష్ట్రాలకు విస్తరించిన నదీలోయలో వరద నియంత్రణ, కరెంటు, నౌకాయానం అన్నీ ఒకే సంస్థ చూసుకోవడం టీవీఏ ప్రత్యేకత. మన దామోదర్‌ వ్యాలీ కార్పొరేషన్‌ (1948)కు నమూనా ఇదే. 1946లో అమెరికా అణుశక్తి కమిషన్‌కు తొలి ఛైర్మన్‌ అయ్యారు. ఆ నియామకంపై సెనేట్‌లో కమ్యూనిస్టు సానుభూతిపరుడన్న నిందలూ మోశారు. 1950లో ఆ పదవి వదిలేశారు.

అసలు కథ ఆ మరుసటి ఏడాదిది. దేశ విభజనతో కొన్ని కాలువల హెడ్‌వర్క్స్‌ మన వైపు, వాటి కింద పొలాలు పాకిస్థాన్‌ వైపు పడ్డాయి. 1948 ఏప్రిల్‌ 1న తూర్పు పంజాబ్‌ నీళ్లు ఆపేసింది. తాత్కాలిక ఒప్పందంతో నీళ్లు వదిలినా గొడవ తీరలేదు. 1951లో రెండు దేశాలూ తిరిగిన లిలియంథాల్‌, ఇది యుద్ధానికి దారితీయొచ్చని గుర్తించారు. రాజకీయాలు పక్కనపెట్టి, మొత్తం సింధు పరీవాహకాన్ని ఇద్దరూ ఉమ్మడిగా అభివృద్ధి చేసుకోవాలనీ, ప్రపంచ బ్యాంకు సాయపడాలనీ కోలియర్స్‌ పత్రికలో రాశారు. ఆ ఆలోచనను బ్యాంకు అధ్యక్షుడు యూజీన్‌ బ్లాక్‌ అందిపుచ్చుకున్నారు. 1952లో చర్చలు మొదలయ్యాయి.

అయితే ఉమ్మడి నిర్వహణకు ఇరుపక్షాల మధ్య నమ్మకం చాల్లేదు. 1954లో బ్యాంకు నదుల్నే పంచుదామంది. రావి, బియాస్‌, సట్లెజ్‌ మనకు. సింధు, జీలం, చీనాబ్‌ ప్రధానంగా పాకిస్థాన్‌కు. సంతకాలకు మరో ఆరేళ్లు పట్టింది. అంటే లిలియంథాల్‌ కోరింది సగమే దక్కింది. ఆ సగమే 1965, 1971 యుద్ధాల్ని తట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్‌ ఒప్పందాన్ని నిలిపివేసింది. కాబట్టి నదిని పంచుకోవడమా, కలిసి నడుపుకోవడమా అన్న ప్రశ్న మీకు మెయిన్స్‌లోనో, ఇంటర్వ్యూలోనో ఎదురవ్వొచ్చు. జవాబు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఆయన 1981లో కన్నుమూశారు. నా డిగ్రీకి ఈ పని పొసగదేమో అని వెనకాడుతున్నారా? సింధుపై రాసిన నాటికి లిలియంథాల్‌ చేతిలో ప్రభుత్వ పదవి లేదు, ఇంజినీరింగ్‌ పట్టా అసలే లేదు. ఉన్నదల్లా పనిచేసి సంపాదించిన అవగాహన. దాన్ని అవసరమైన చోట ధైర్యంగా చెప్పారు, అంతే.