గొలుసులు వద్దన్న టీ వ్యాపారి

మనసు చెదిరితే మన సాస్తిలోనూ కొందరు ముందు భూతవైద్యుడినే వెతుక్కుంటారు. అందుకే మా పిల్లలకు విలియం ట్యూక్ గురించి చెప్తుంటాం.

1732లో ఇంగ్లండులోని యార్క్‌లో పుట్టిన ట్యూక్ టీ వ్యాపారి, డాక్టరు కాదు. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుందని నమ్మే క్వేకర్ క్రైస్తవుడు. 1790లో హన్నా మిల్స్ అనే క్వేకర్ మహిళ అక్కడి పిచ్చాసుపత్రిలో చనిపోయింది. చూడబోయిన తోటి క్వేకర్లను అంతకుముందు లోపలికి రానివ్వలేదు.

దాంతో ట్యూక్ చందాలు పోగుచేసి, 1796లో సుమారు 30 మందికి ‘రిట్రీట్’ తెరిచారు. గొలుసులు లేవు, దెబ్బలు లేవు. రోగులు తోటపని, కుట్టుపని చేసేవారు, కుందేళ్లతో, కోళ్లతో పొద్దుపుచ్చేవారు. కొందరిని సూపరింటెండెంటు టీకి పిలిచేవారు. వైద్యుడు ఫౌలర్ అప్పటి మందులన్నీ వాడిచూసి, వాటివల్ల పెద్దగా ఫలితం లేదని తేల్చారు.

రోగిలో దయ్యాన్ని కాక మనిషిని చూసిన ఆ భక్తి మాకు నచ్చింది. అయితే మొదట్లో అది ప్రధానంగా క్వేకర్లకే. ఇతరులకు తలుపు తెరుచుకోవడానికి ఏళ్లు పట్టింది. మనవడు శామ్యూల్ 1813లో అక్కడి పద్ధతులపై పుస్తకం వేశాక బయటి వైద్యులూ వాటిని అనుసరించారు. ట్యూక్ 1822లో కన్నుమూశారు.