సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు

పల్లెపట్టున జన్మించి, దేశమునకంతటికిని ఉపకరించు కార్యమును నిర్వహించిన మహనీయులలో సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు ఒకరు. వీరు 1883వ సంవత్సరము మే 14వ తేదీన నెల్లూరు మండలమందలి పుదూరు గ్రామమున జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రిగారు అర్చకులు. కుమారుడు 1899లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడై, మదరాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర నభ్యసించి, పిదప న్యాయశాస్త్రమును చదివి న్యాయవాది యయ్యెను. 1929 మొదలు 1944 వరకు అయ్యరుగారు మదరాసు రాజధానికి అడ్వకేటు జనరలుగా నుండిరి. 1932లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను.

1946 డిసెంబరు 9న రాజ్యాంగ పరిషత్తు ఢిల్లీ నగరమున తొలిసారి సమావేశమయ్యెను. 1947 ఆగస్టు 29న ఏడుగురితో ముసాయిదా సంఘము ఏర్పడెను. డాక్టరు అంబేద్కరుగారు దానికి అధ్యక్షులు. అయ్యరుగారు సభ్యులలో ఒకరు. తనకంటె సమర్థులు ఆ సంఘమున కలరని చెప్పుచు, అంబేద్కరుగారు నిండుసభలో పేర్కొనినది అయ్యరుగారి పేరే. ఇరువురి గౌరవమును ఇందువలన తెలియవచ్చును.

నాడు పరిషత్తు ముందున్న పెద్ద ప్రశ్న ఓటు హక్కును గూర్చినది. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే ఓటు లభించెడిది. కూలివాడు, నిరుపేద స్త్రీ ఎన్నికలకు దూరముగనే ఉండిరి. 1951 జనాభా లెక్కలనాటికి సైతము అక్షరాస్యులు నూటికి 18 మందియే. ఇట్టి దేశమున వయస్సు వచ్చిన ప్రతివానికిని ఓటు నిచ్చుట సాహసమని పలువురు జంకిరి. అయ్యరుగారు జంకలేదు. సామాన్యుని వివేకమందు నమ్మకముంచక ప్రజాస్వామ్యము నిలువదనియు, ఓటు హక్కే ప్రజలకు జ్ఞానమును క్షేమమును కలిగించుననియు వారు వాదించిరి. 1951-52 ఎన్నికలలో 17 కోట్లకు పైగా ఓటర్లు జాబితాల కెక్కిరి.

ప్రభుత్వ విధానమును గూర్చియు వారి అభిప్రాయము స్పష్టము. మంత్రివర్గము శాసనసభకు బాధ్యత వహింపవలెననియు, క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన దేశమున ఈ రెండింటి నడుమ కలహమునకు తావీయరాదనియు వారు తలచిరి. న్యాయమూర్తులు ఎవరికిని లొంగక తీర్పు చెప్పవలెను. కాని న్యాయస్థానము తానే శాసనసభగను ప్రభుత్వముగను మారరాదు. చట్టము చేయువారు, దానిని నడపువారు, దాని న్యాయమును విచారించువారు తమతమ హద్దులలో నుండవలెననుట వారి మతము.

న్యాయస్థానము రైతునకు ఎంత అవసరమో ఒక వ్యాజ్యమువలన గ్రహింపవచ్చును. గంజాము ప్రాంతమందలి పర్లాకిమిడి జమీందారీ రైతులు, తమ శిస్తు విషయమున రెవిన్యూ బోర్డు ఇచ్చిన ఉత్తరువును రద్దుచేయుమని మదరాసు హైకోర్టు నాశ్రయించిరి. 1943లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు, అట్టి రిట్టు నిచ్చు అధికారము ఆ గ్రామములవరకు హైకోర్టునకు లేదని తీర్పు చెప్పెను. అనగా మదరాసు పట్టణవాసికి గల రక్షణ పల్లె రైతునకు లేకపోయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 226వ అధికరణముద్వారా ఈ లోపమును తీర్చెను. అప్పటినుండి ప్రతి హైకోర్టును తన పరిధియందలి మారుమూల పల్లెకు సైతము రిట్టు జారీచేయ గలుగుచున్నది. ప్రాథమిక హక్కులకు భంగము వాటిల్లినచో 32వ అధికరణము ననుసరించి నేరుగా సుప్రీంకోర్టునే ఆశ్రయింపవచ్చును.

అయ్యరుగారు 1953 అక్టోబరు 3న పరమపదించిరి. ఆ మహనీయుడు సామాన్యునియందుంచిన నమ్మకమును నిలుపుకొనుట సామాన్యుని చేతిలోనే యున్నది. హక్కు కాగితముపై ఉన్నంతమాత్రమున ఫలింపదు. దాని నెరిగినవానికే అది అక్కరకు వచ్చును. ఓటు విలువను, కోర్టు తలుపు తట్టు మార్గమును పల్లెవాసులు చదివి తెలిసికొనుటకు గ్రామ గ్రంథాలయమును మించిన చోటు లేదు. అచట తెరచిన ప్రతి పుస్తకమును ఆయన నమ్మకమునకు సాక్ష్యమే యగును.