కాఫీ తెగులు గుట్టు విప్పిన వార్డు పండితుడు

వానలు వెనుకబట్టిన పిమ్మట అరకులోయలోనో చింతపల్లి కొండలలోనో ఒక కాఫీతోటలోనికి బోయి, ఆకును వెల్లకిల ద్రిప్పి చూచినచో, అడుగుభాగమున నారింజవన్నె పొడి మచ్చలు మచ్చలుగా నంటియుండుట ఒక్కొక్కప్పుడు కానవచ్చును. వ్రేలి కంటిన నది కుంకుమవలె నుండును. తోటగల గిరిజన కుటుంబమునకు మాత్రమది శుభసూచకము గాదు. ఆకు రాలును, కొమ్మ బోసిపోవును, మరుసటియేటి కాపు తగ్గును. ఈ పొడి యెట్లు వ్యాపించునో, ఆకులో నెట్లు చొచ్చునో లోకమునకు నిరూపించి చూపినవాడు హారీ మార్షల్ వార్డు అను నాంగ్లేయుడు. ఆంగ్లేయుల ప్రభుత్వముతో మన జాతి పోరాడినదేగాని వారి విద్యతో గాదు గనుక, ఆయన చరిత్రము నిచ్చట ముచ్చటించుటకు మేము సంకోచింపము.

వార్డు 1854లో హెర్‌ఫర్డు పట్టణమున జన్మించెను. లండనులో హక్స్‌లీ వద్దను, పిమ్మట కేంబ్రిడ్జిలోను, జర్మనీలో సాక్స్ పండితుని యొద్దను విద్య నభ్యసించెను. 1880లో సింహళ ప్రభుత్వ మాయనను కాఫీ తెగులు పరిశీలనకై రప్పించినది. అప్పటి కా తెగులు బయటపడి పదునొకండేండ్లయ్యెను. తెల్లదొరలు కొండలమీది మహారణ్యముల నరికించి, కనుచూపు మేర కాఫీ తప్ప వేరొక చెట్టు లేకుండ జేసియుండిరి. 1869లో తెగులు కనబడినపుడు కొందరు భూసారము తగ్గెననిరి, కొందరు ఎరువు చాలదనిరి.

వార్డు వాదములలో దిగలేదు. గాజుపలకలకు జిగట పూసి తోటలలో గాలికి వ్రేలాడదీసెను. వానిపై నంటినవాటిని సూక్ష్మదర్శినిలో చూడగా, ఆ నారింజపొడి రేణువులే కానవచ్చెను. గాలియే దానికి వాహనమని తేలినది. పిదప ఆ రేణువులను ఆరోగ్యమైన ఆకులపై నీటిబొట్టులలో నుంచి గనిపెట్టుచుండెను. ఒకదినము లోపలనే రేణువు మొలకెత్తి, సన్నని నూలుపోగువంటి మొలకను సాచి, ఆకు అడుగుననుండు రంధ్రములగుండ లోనికి జొచ్చెను. కొన్ని వారములకు మచ్చ, ఆ మచ్చనుండి మరల లెక్కకు మించిన రేణువులు. లోపలికి జొచ్చిన పిమ్మట మందు పనిచేయదనియు, చల్లదలచిన ముందే చల్లవలెననియు ఆయన తేల్చెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి చెప్పెను. అడ్డములేని గాలికి ఒకే పంటను కోసులకొలది పరచిపెట్టుటయే ఈ వినాశమునకు మూలము. నడుమ నడుమ చెట్లవరుస లుండిన రేణువుల దారి కట్టువడును.

దొరలు కోరినది మందు. దొరకినది తమ తప్పు. ఆయన 1882లో తిరిగిపోయెను. కాఫీ క్రమముగా నశించి, ఆ కొండలను తేయాకు ఆక్రమించినది. ఈ పతనమున దొరలు కొందరు దివాలా తీసిరి. తమిళదేశమునుండి పోయిన కూలీలు కూడు గోల్పోయిరి. వీరి గోడు చరిత్రకారులకు రెండవ మాట.

అదే 1882లో మదరాసు అటవీశాసనము పుట్టినదని పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము. సింహళమున దొరలకు అడవి నమ్మిన సామ్రాజ్యమే, మన్యమున పోడు గొట్టుకొను గిరిజనునికి అడవిని నిషేధించినది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక నడచినవారి మనస్సులలో రగిలిన ఫిర్యాదులలో నిదియు నొకటి. వార్డు కూడ 1885 మొదలు పదేండ్లు కూపర్స్‌హిల్ కళాశాలలో, ఇండియా అడవుల నేలరాబోవు యువకులకే వృక్షశాస్త్రము బోధించెను. సింహళమున నేర్చిన పాఠ మా శిష్యుల కెంతవర కెక్కినదో మాకు సందేహమే.

ఆ కాలముననే, 1888లో, లిల్లీపూల తెగులును శోధించి, శిలీంధ్రపు పోగు కొననుండి స్రవించు రసము మొక్క కణముల గోడలను కరగించునని చూపెను. శిలీంధ్రము బలముచేతనే గాక స్వకీయరసముచేతను మొక్కను జయించునను నీ యెరుకయే, మొక్కల శిలీంధ్ర తెగుళ్ల శోధనకు తొలిమెట్లలో నొకటి. సూర్యకాంతి సూక్ష్మజీవులను చంపునని చేసిన ప్రయోగములును గొప్పవే. 1895లో కేంబ్రిడ్జి ఆచార్యపీఠ మెక్కెను. 1906లో, ఏబదిరెండవ యేట, కాలధర్మము నొందెను.

మన్యమున కాఫీ 1898 ప్రాంతమున పాములేరు లోయలో ప్రవేశించెనందురు. ఇప్పుడది దొరల సొత్తు గాదు. వేలకొలది గిరిజన కుటుంబముల చిన్నచిన్న కమతములది. అరకు అరబికాకు 2019లో భౌగోళికచిహ్న గౌరవము లభించినది. అరబికా రకమే ఈ తెగులునకు సులభముగా లొంగునది. చింతపల్లి ప్రాంతమున ఆర్.వి. నగరపు పరిశోధనకేంద్రమువారు ఓర్పుగల రకములను పరీక్షించుచున్నారు. నీడన పెంచు పద్ధతి మెచ్చదగినదే; అయినను పెక్కు తోటలలో ఆ నీడయంతయు సిల్వర్ ఓక్ అను నొకే చెట్టుది. రాగి, సామ, కంది, వలిసెలు ఒకే కొండవాలున కలగలిపి పండించుకొనిన గిరిజనుని నాటి అధికారులు మూర్ఖుడనిరి. నేడాతని కొండలపై కాఫీ విస్తీర్ణమును పెంచు ప్రణాళికలు సాగుచున్నవి. నాటిన మొక్కల లెక్క అడుగువారు గలరుగాని, నడుమ విడిచిన అడవి లెక్క అడుగువారిని మే మింకను జూడలేదు.